మూడో గుర్తుకు వేసిన ఓటు మురిగిపోతుందా?

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మా ఎరుకల కాలనీల్లో, సుగాలి తండాల్లో, యానాదుల గుడిసెల దగ్గర, నల్లమల అంచున చెంచు గూడేల్లో ఒకే మాట వినబడుతుంది. "గెలిచేటోళ్లకు ఎయ్యండబ్బా, ఓటు మురగబెట్టుకోవాకండి." ఈ మాట చెప్పేది బయటి నాయకులే కాదు, మా పెద్దమనుషులూ అదే చెప్తారు. వాళ్లను తప్పు పట్టలేం. రేషన్ కార్డుకైనా, ఇంటి స్థలానికైనా, బోరుకైనా, శ్మశానానికి దారికైనా గెలిచిన వాళ్ల గడపే తొక్కాలి. ఓడిన వాళ్లకు వేశామని తెలిస్తే ఐదేళ్లు ఆ గడప మనకు మూసుకుపోతుందని వాళ్ల భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

మేము బడి పంతుళ్లం. ఎన్నికల డ్యూటీ పడితే బూతులో కూర్చుని ఓటర్ల వేళ్లకు సిరా పెట్టేవాళ్లం. ఫలానా గుర్తుకు వెయ్యండని చెప్పడం మా పని కాదు, ఈ వ్యాసం పని అంతకన్నా కాదు. కానీ రెండు పెద్ద పార్టీలను కాదని మూడో అభ్యర్థికి ఓటు వేస్తే అది నిజంగా మురిగిపోతుందా, ఎప్పుడు మురిగిపోతుంది, ఎప్పుడు పనికొస్తుంది అని చరిత్రను ముందు పెట్టుకుని లెక్క చూడటం మాకు చేతనైన పని. ఆ లెక్క మన సీమ గడ్డ మీదే మొదలుపెడదాం.

వేలిముద్ర నుంచి సిరా చుక్క దాకా

ముందు మనకు ఓటు ఎట్లా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. ఇంగ్లీషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేసింది. ఎరుకలతో పాటు మరికొన్ని సంచార కులాల వాళ్లను పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. పోలీసు రిజిస్టరులో వేలిముద్రలు తీసుకున్నారు. రాత్రిపూట హాజరు వేయించుకున్నారు. స్టువర్టుపురం, కావలి, సీతానగరం లాంటి సెటిల్‌మెంట్లలో కుటుంబాలకు కుటుంబాలనే పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.

అంటే స్వతంత్ర దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగేనాటికి మన సీమలో ఆ హాజరు పోయి ఐదేళ్లు కూడా నిండలేదు. పోలీసు కాగితం మీద పడిన వేలికే ఓటు సిరా అంటింది. అందుకే ఓటు మన వాళ్లకు పథకాల కోసం ఇచ్చి పుచ్చుకునే సరుకు మాత్రమే కాదు. మనల్ని మనుషులుగా లెక్కలోకి తీసుకున్నారనడానికి అదే మొదటి గుర్తు. "మురిగిపోతుంది" అన్న మాటను మనం అంత తేలిగ్గా తీసుకోలేం.

1952లో గెలిచినవాళ్లు, 1955లో ఓడినవాళ్లు

ఆ తొలి ఎన్నికల్లో బ్యాలెట్ కాగితం మీద గుర్తులు ఉండేవి కావు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు తన కాగితాన్ని తనకు నచ్చిన పెట్టెలో వేసేవాడు. దేశమంతటా కాంగ్రెస్ గాలి ఉన్న రోజులవి. అయినా మద్రాసు శాసనసభలో 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 152. ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 40కి పైగా గెలిచారు. కడప లోక్‌సభ స్థానాన్ని కమ్యూనిస్టు నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డి గెలుచుకున్నారు. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో నీలం సంజీవరెడ్డి అంతటి నాయకుడు ఓడిపోయారు.

అంత గెలుపు ఎట్లా వచ్చింది? కమ్యూనిస్టులకు ఊళ్లలో బలం ఉంది, నిజమే. దాంతో పాటు ఎదుటి పక్షం ముక్కలుగా ఉంది. కాంగ్రెస్ ఒకవైపు, ప్రకాశం పంతులు గారి ప్రజా పార్టీ ఒకవైపు, ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ మరోవైపు నిలబడ్డాయి. నలుగురు పంచుకున్న చోట మూడో వంతు ఓట్లు తెచ్చుకున్నవాడు కూడా మొదటివాడవుతాడు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1955 ఫిబ్రవరిలో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ మూడూ ఒక్కటయ్యాయి. ఫలితం చూడండి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి. 1952 కంటే శాతం పెరిగిందే గానీ తగ్గలేదు. కానీ 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. ఐక్య కూటమికి వచ్చినవి 146.

ఓటు మురిగిపోవడం అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం మన రాష్ట్ర చరిత్రలో లేదు. పార్టీ మారలేదు. జనం మారలేదు, పైగా ఓట్లు పెరిగాయి. మారింది ఎదుటివాళ్ల పొత్తు ఒక్కటే. మన ఓటు సీటుగా మారుతుందా లేదా అన్నది మన ఓటు మంచిచెడుల మీద ఆధారపడలేదు. మిగతా ఓట్లు ఎన్ని చోట్ల చీలాయి, ఎన్ని ఒక్కచోట చేరాయి అన్నదాని మీద ఆధారపడింది. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఇది తప్పదు. ఈ పద్ధతి ఉన్న దేశాల్లో పోటీ చివరకు రెండు పార్టీల మధ్యనే మిగులుతుందని ఫ్రాన్సు పండితుడు మారిస్ డువెర్జే 1950లలోనే రాశాడు.

మూడో చోటు ఎవరికీ శాశ్వతం కాదు

అట్లయితే మూడో పార్టీకి ఎప్పటికీ దారి లేదా? మన రాష్ట్రమే లేదనడానికి వీల్లేదని చెప్తుంది. 1978 జనవరిలో పుట్టిన ఇందిరా కాంగ్రెస్, కొత్తగా వచ్చిన చేయి గుర్తుతో, రెండు నెలలు నిండకముందే 294లో 175 స్థానాలు గెలిచింది. అదే ఎన్నికల్లో పులివెందుల నుంచి మొదటిసారి శాసనసభకు వెళ్లిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థి కాదు, జనం రెడ్డి కాంగ్రెస్ అని పిలిచిన పక్షం అభ్యర్థి. తర్వాత ఇందిరా కాంగ్రెస్‌లో చేరారు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో 200కు పైగా స్థానాలతో అధికారంలోకి వచ్చింది.

2011లో ఇదే కథ కడపలో మళ్లీ జరిగింది. ఆ మార్చిలో పుట్టిన వైఎస్సార్ కాంగ్రెస్ మే నెల ఉప ఎన్నికలో కడప లోక్‌సభ స్థానాన్ని 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచింది. అప్పటిదాకా రాష్ట్రాన్ని ఏలిన రెండు పెద్ద పార్టీల అభ్యర్థులకూ డిపాజిట్ దక్కలేదు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు మించి వస్తేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది.

పదమూడేళ్ల తర్వాత చూడండి. 2024లో కడపలో కాంగ్రెస్ తరఫున వై.ఎస్. షర్మిల గారు పోటీ చేశారు. దశాబ్దాల పాటు మొదటి స్థానంలో ఉన్న పార్టీ ఆ ఎన్నికలో మూడో స్థానంలో ఉంది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి సుమారు 62 వేల మెజారిటీతో తెలుగుదేశం అభ్యర్థి మీద గెలిచారు. మూడో స్థానంలో ఉన్న కాంగ్రెస్‌కు లక్షా 40 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. అంటే మూడో అభ్యర్థికి పడినవి గెలుపు తేడాకు రెండింతలు దాటాయి. ఆ ఓట్లు లేకుంటే ఎటు పోయేవో మనం చెప్పలేం. చెప్పగలిగింది ఒక్కటే. 2019లో ఇదే స్థానంలో తేడా 3 లక్షల 80 వేలు. తేడా అంత ఉన్నప్పుడు మూడో ఓటు ఫలితాన్ని కదిలించడం కష్టం. తేడా 62 వేలకు దిగినప్పుడు కదిలించగలదు.

ఇటువంటిదే అమెరికాలో 2000 సంవత్సరంలో జరిగింది. ఫ్లోరిడా రాష్ట్రంలో బుష్ గెలిచింది 537 ఓట్లతో. అక్కడ మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు పడినవి 97 వేలకు పైగా. ఆ 537తోనే అధ్యక్ష పదవి తేలింది. నాడర్‌కు వేసినవాళ్లు సరైన పని చేశారా లేదా అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక్కడ మన పెద్దలు చెప్పే మాటను కాస్త తిప్పి చూడాలి. ఓడినవాడికి వేసిన ఓటు మురిగిపోతుందంటున్నాం. మరి 5 లక్షల మెజారిటీతో గెలిచేవాడికి ఒక తండా 300 ఓట్లు వేస్తే ఆ 300 ఏం చేశాయి? అవి లేకపోయినా ఆయన గెలిచేవాడే. ఆయనకు ఆ 300 కనబడను కూడా కనబడవు. గెలుపు ముందే తేలిపోయిన చోట గెలిచేవాడికి వేసిన ఓటూ అంతే మురిగిపోతుంది. అట్లాంటి చోట మూడో అభ్యర్థికి వేస్తే మనకు పోయేది ఏమీ లేదు. పోటీ గట్టిగా ఉన్న చోటనే ఆ ఓటుకు ధర ఉంది, నష్టమూ ఉంది. ఈ తేడా చూడకుండా అన్ని చోట్లా ఒకే మాట చెప్పడం సరికాదు.

ఇల్లెందు, భద్రాచలం చెప్పేది

ఆదివాసీలు మూడో జెండాను గెలిపించుకున్న చోట్లు మన తెలుగు నేలలోనే ఉన్నాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లా ఇల్లెందు నుంచి గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు శాసనసభకు వెళ్లారు. ఆయనది న్యూడెమోక్రసీ, చాలా చిన్న పార్టీ. భద్రాచలంలో సీపీఎం తరఫున కుంజా బొజ్జి గారు మూడుసార్లు, సున్నం రాజయ్య గారు మూడుసార్లు గెలిచారు. 2014లో తెలంగాణ శాసనసభ మొత్తంలో సీపీఎంకు ఉన్న ఒకే ఒక్క సభ్యుడు రాజయ్య గారే. ఈ ముగ్గురూ ఆదివాసీలే. డబ్బుతో గెలిచినవాళ్లు కారు.

అక్కడ సాధ్యమైంది మన దగ్గర ఎందుకు కాలేదు? తెలివి తక్కువై కాదు. అక్కడ ఆదివాసీలు ఒక్క దగ్గర ఉన్నారు, నియోజకవర్గం కూడా షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయింది. పోడు భూముల మీద ఏళ్ల తరబడి నడిచిన సంఘాలున్నాయి. ఎన్నికల రోజు పుట్టుకొచ్చిన పార్టీలు కావవి.

మన కడప, కర్నూలు ఉమ్మడి జిల్లాల్లో షెడ్యూల్డు తెగలు వందకు ఇద్దరు ముగ్గురు. ఆ కొద్దిమందిమీ ఒక్కచోట లేం. ఎరుకలోళ్లు ఊరికి పది ఇళ్లు, యానాదులు చెరువు కట్ట మీద ఐదు గుడిసెలు, సుగాలీలు కొండ పక్క తండా, చెంచులు అడవిలో గూడెం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాల్లో ఏడు మనకు రిజర్వు అయ్యాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. సీమలో ఒక్కటీ లేదు. ఐదో షెడ్యూలు ప్రాంతం కూడా సీమలో లేదు. అందువల్ల ఇల్లెందు దారిని ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇక్కడ పరచలేం. శాసనసభకు మన మనిషిని మూడో గుర్తు మీద నిలబెట్టి మన ఓట్లతోనే గెలిపించుకోవడం అయ్యే పని కాదు. ఈ నిజాన్ని దాచిపెట్టి ఎవరైనా ఆవేశంగా మాట్లాడితే నష్టపోయేది మన తండాలే.

పెట్టె రహస్యం, బూతు రహస్యం

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఓటు రహస్యమని బడిలో పిల్లలకు చెప్తాం. మనిషి ఓటు రహస్యమే. తండా ఓటు రహస్యం కాదు. కాగితం ఓట్ల కాలంలో చాలా చోట్ల వేర్వేరు బూతుల కాగితాలను కలిపేసి లెక్కపెట్టేవాళ్లు. ఓటింగ్ యంత్రాలు వచ్చాక యంత్రానికి యంత్రం విడిగా లెక్క తీస్తున్నారు. ఏ బూతులో ఏ గుర్తుకు ఎన్ని పడ్డాయో ఫారం 20లో అచ్చయి వస్తుంది. పెద్ద ఊరికి దీనితో ఇబ్బంది లేదు. తండాకు ఒక్కటే బూతు ఉన్న చోట ఆ తండా ఎవరికి వేసిందో మరునాడే అందరికీ తెలుస్తుంది. ఒకప్పుడు ముఠా తగాదాలతో ఊళ్లకు ఊళ్లు ఒక వర్గం కింద నలిగిన సీమలో ఇది చిన్న విషయం కాదు. మూడో గుర్తుకు 200 ఓట్లు పడితే రెండు పెద్ద వర్గాలూ మనల్ని అడుగుతాయి.

కొన్ని బూతుల ఓట్లను కలిపి ఒకేసారి లెక్కపెట్టే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. అది అమలుకు రాలేదు. చెదిరిపోయి బతికే చిన్న కులాలకు ఈ యంత్రం ఎంత అవసరమో మాట్లాడే గొంతులు తక్కువ. మన సంఘాలు నాయకుల ముందు పెట్టే కోరికల్లో రోడ్డు, బోరుతో పాటు దీన్ని కూడా రాయాలి.

మురగనివ్వని లెక్కలు కూడా ఉన్నాయి

ఓటు మురిగిపోవడం ప్రకృతి నియమం కాదు. లెక్కపెట్టే పద్ధతి మారితే అదే ఓటు బతుకుతుంది. దీనికి సాక్ష్యం మన చరిత్రలోనే ఉంది.

1952లో, 1957లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు ఎన్నికయ్యేవారు. ఒకటి జనరల్, ఒకటి షెడ్యూల్డు కులాలకో తెగలకో రిజర్వు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. ఒకటి పెద్ద పార్టీకి వేసి, రెండోది తన మనిషికి వేసుకోవచ్చు. 1957లో పార్వతీపురం లోక్‌సభ ఇటువంటిదే. అక్కడ రెండు స్థానాలనూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. జనరల్ స్థానంలో ఓడిపోయింది ఎవరో కాదు, వి.వి. గిరి గారు. ఆయన కోర్టుకు వెళ్లారు. గిరిజన అభ్యర్థికి ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ స్థానం కూడా ఆయనదేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను ఎత్తేసింది. రెండో ఓటు పోయింది.

అదే గిరి గారు 1969లో రాష్ట్రపతి పదవికి స్వతంత్రుడిగా నిలబడ్డారు. ఎదురుగా కాంగ్రెస్ అధికార అభ్యర్థి మన అనంతపురం సంజీవరెడ్డి గారు. మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. రాష్ట్రపతి ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేలు ఒకటి, రెండు, మూడు అని తమ ఇష్టాన్ని వరుసగా రాస్తారు. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు. దేశ్‌ముఖ్‌కు, ఇతరులకు వేసినవాళ్ల రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి గారు గెలిచారు. మూడో అభ్యర్థికి వేసినవాళ్ల ఓటు మురిగిపోలేదు. వాళ్లు తమ మాట చెప్పారు, అధ్యక్షుడెవరో తేల్చడంలోనూ పాలు పంచుకున్నారు.

ఇంత దూరం పోనక్కర లేదు. 2023 మార్చిలో కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాల పట్టభద్రులు ఎమ్మెల్సీని ఎన్నుకున్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ముందున్నారు. ఎవరికీ సగం దాటలేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ, మూడో స్థానంలో ఉన్న పీడీఎఫ్ అభ్యర్థి ఓట్లలోని రెండో ప్రాధాన్యాలు కూడా లెక్కపెట్టాక, తెలుగుదేశం అభ్యర్థి ఏడు వేలకు పైగా తేడాతో గెలిచారు. అక్కడ పీడీఎఫ్‌కు వేసినవాళ్లను "మురగబెట్టుకున్నారు" అని ఎవరూ అనలేరు.

ఇక్కడ ఒక్క ప్రశ్న. రాష్ట్రపతిని ఎన్నుకునే ఎంపీలకు రెండో ప్రాధాన్యం ఉంది. డిగ్రీ చదివినవాళ్లకు ఉంది. ఉన్నత పాఠశాల, ఆ పై స్థాయి అయ్యవార్లకు ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో ఉంది. టీటీసీ చదివి ప్రాథమిక బడిలో అఆలు దిద్దించే మాలాంటి పంతుళ్లకు ఉపాధ్యాయ ఓటు లేదు. మా బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఎక్కడా లేదు. చదువు పెరిగేకొద్దీ ఓటు మురగకుండా కాపాడే లెక్క, చదువు లేనివాళ్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతుంది? లెక్క కష్టమంటారు. కంది చేను కూలి, గంప అల్లిక ధర నోటితో లెక్కపెట్టే మా అమ్మలకు ఒకటి తర్వాత రెండు రాయడం కష్టమా?

న్యూజిలాండులో ఆదివాసులైన మావోరీలకు 1867 నుంచి ప్రత్యేక స్థానాలున్నాయి. 1996 నుంచి అక్కడ ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. 2023 ఎన్నికల్లో మావోరీ పార్టీకి దేశమంతటా వచ్చిన పార్టీ ఓట్లు 3 శాతం. అయినా ఏడు మావోరీ స్థానాల్లో ఆరు గెలిచింది. మన జిల్లాల్లో మనమూ 2, 3 శాతమే. వాళ్లకు వచ్చిన ఫలితానికీ మనకొచ్చే ఫలితానికీ మధ్య ఉన్నది పద్ధతి తేడా.

గెలిచాక ఏం చేస్తారు?

మూడో పార్టీని కొలిచేటప్పుడు గెలుస్తుందా అని మాత్రమే అడిగితే చాలదు. ఓట్లు వచ్చాక వాటితో ఏం చేస్తుంది అని కూడా అడగాలి. 2009లో ప్రజారాజ్యం సుమారు 16 శాతం ఓట్లు తెచ్చుకుంది. సీట్లు 294లో 18. సీమలో తిరుపతి, ఆళ్లగడ్డ ఆ పార్టీకి వచ్చాయి. 2011లో పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మూడో దారి అని నమ్మి వేసిన లక్షల మంది ఓట్లు రెండేళ్లలో మొదటి దారిలో కలిసిపోయాయి. సీట్లు రాకపోవడం కన్నా పెద్ద నష్టం ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ 2004. కేంద్రంలో ప్రభుత్వం నిలబడటానికి 60 మందికి దగ్గరగా ఉన్న వామపక్ష ఎంపీల మద్దతు కావాల్సి వచ్చింది. ఆ కాలంలోనే ఉపాధి హామీ చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాయి. ఉపాధి పనిని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ చట్టాలు ఒక్క పార్టీ ఇచ్చినవి కావు. అడవుల్లో, ఊళ్లలో నడిచిన ఉద్యమాలు లేకుంటే అవి వచ్చేవి కావు. కానీ ఉద్యమాల మాట పార్లమెంటులో చెల్లడానికి ఆ కొద్ది సీట్ల అవసరం పడింది. నల్లమలలో చెంచు కుటుంబం చేతిలో ఉన్న అటవీ హక్కు పట్టాలో, గెలవరని అందరూ చెప్పిన అభ్యర్థులకు ఎక్కడో ఎవరో వేసిన ఓట్ల పాలు కూడా ఉంది.

నోటా ఒక అంకె

ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది కదా అంటారు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అది వచ్చింది. ఎస్టీ రిజర్వుడు స్థానమైన అరకు లోక్‌సభలో 2019లో నోటాకు 47 వేలకు పైగా, 2024లో 50 వేలకు పైగా పడ్డాయి. ఇన్ని వేల మంది ఏమీ చెప్పకుండానే ఏదో చెప్పారు. అదే అరకులో 2024లో మూడో స్థానంలో ఉన్న సీపీఎంకు లక్షకు పైగా వచ్చాయి. ఆ లక్ష వెనుక ఒక జెండా, ఒక కోరికల పత్రం ఉన్నాయి. నోటా వెనుక అడిగేవాడు లేడు. నోటాకు అందరికంటే ఎక్కువ పడినా తర్వాతి వాడే గెలుస్తాడు. అందుకే కోపం చూపడానికి నోటా సరిపోతుందేమో గానీ, మర్నాడు పోయి పని అడగడానికి మూడో అభ్యర్థి ఓటే మేలు.

మా లెక్క

ఇంత చరిత్ర చూశాక మాకు తేలింది ఇది. అభ్యర్థి మూడోవాడైనంత మాత్రాన ఓటు మురిగిపోదు, గెలిచేవాడైనంత మాత్రాన ఫలించదు. వేసే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. పోటీ దగ్గరగా ఉందా, ముందే తేలిపోయిందా? దగ్గరగా ఉంటే ఇద్దరిలో ఎవరు గెలిస్తే మనకు ఎక్కువ కీడు? మూడో మనిషి ఎన్నికల ముందూ మన మధ్య ఉన్నాడా, ఎవరి ఓట్లో చీల్చడానికి ఎవరో నిలబెట్టినవాడా? ఓడిపోయినా, గెలిచినా ఆ జెండా కిందనే ఉంటాడా?

పోటీ బిగువుగా ఉండి, ఒకరి గెలుపు మన ఇళ్లకూ పొలాలకూ కీడు తెచ్చేటట్టు ఉంటే మూడో గుర్తు మోజు కట్టిపెట్టాలి. పోటీ తేలిపోయి ఉంటే నమ్మకమైన మూడో మనిషికి వేయడానికి జంకనక్కర లేదు. ఆ అంకె రికార్డులో నిలబడుతుంది. వచ్చేసారి పొత్తుల బేరంలో ఎవరో ఒకరు ఆ అంకెను చూస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, మొదలు పెట్టాల్సిన చోటు. గ్రామ పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు లేవు. వార్డుకు ఉండేవి కొన్ని వందల ఓట్లు. శాసనసభ ఎన్నికల్లో ఇసుక రేణువంత కనబడే మన పది ఇళ్లు అక్కడ త్రాసును వంచుతాయి. ఓట్లు సమానమైతే చీటీ వేసి తేల్చే ఎన్నికలవి. అక్కడ మొదటివాడు, రెండోవాడు, మూడోవాడు అన్న లెక్క ఇంకా గట్టిపడలేదు. "ఏకగ్రీవం చేసుకోండి, డబ్బులొస్తాయి" అని ఎవరో వచ్చి చెప్పినప్పుడు మన కాలనీ వార్డుకు మన మనిషి నామినేషన్ వేయాలి. ఇల్లెందులోనూ, భద్రాచలంలోనూ శాసనసభ సీటు కంటే ముందు ఊరి సంఘాలు పుట్టాయి.

మా తాతల వేలిముద్ర పోలీసు రిజిస్టరులో ఉన్నప్పుడు ఎవరికి హాజరు చెప్పాలో వాళ్లకు వేరేవాళ్లు నిర్ణయించారు. ఎవరికి ఓటు వేయాలో కూడా వేరేవాళ్లే నిర్ణయిస్తే ఆ హాజరు ఇంకా పోలేదనే అర్థం. మొదటి గుర్తుకు వేసినా, రెండో గుర్తుకు వేసినా, మూడో గుర్తుకు వేసినా తండాలో కూర్చుని మనమే లెక్క కట్టి వేసినప్పుడు ఆ ఓటు మనది.